ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చే గడువు

(పంపిణీ ట్రాన్స్‌ఫార్మర్ల దూర పర్యవేక్షణపై ఒక పాలిటెక్నిక్ కళాశాలలో ఎలక్ట్రికల్ విద్యార్థులు, క్షేత్ర సిబ్బంది ఎదుట చేసిన ప్రసంగ పాఠం)

అధ్యాపకులకు, విద్యార్థినీ విద్యార్థులకు, డ్యూటీ దిగి నేరుగా ఇక్కడికే వచ్చిన లైన్‌మన్ సోదరులకు నమస్కారం.

నా ఉద్యోగ జీవితమంతా విద్యుత్ పంపిణీలోనే గడిచింది. అందులో కొన్నేళ్లు ట్రాన్స్‌ఫార్మర్ల మరమ్మతు షెడ్డులో పనిచేశాను. ఈరోజు మాట్లాడవలసిన విషయం దూర పర్యవేక్షణే, అంటే ట్రాన్స్‌ఫార్మర్ స్థితిని పరికరాల ద్వారా దూరం నుంచే తెలుసుకోవడమే అయినా, నేను ఆ షెడ్డు నుంచే మొదలుపెడతాను. కాలిపోయి వచ్చిన ట్రాన్స్‌ఫార్మర్ మూత బోల్టులు విప్పగానే మాడిన నూనె వాసన గుప్పున కొడుతుంది. గొలుసు కప్పీతో లోపలి ఇనుప కోరును పైకి లేపి, నూనె ఓడిపోయేదాకా తొట్టి మీద వేలాడదీసి చూస్తే, మూడు స్తంభాల మీద మూడు చుట్టలు కనిపిస్తాయి. చాలాసార్లు వాటిలో రెండు చుట్టలు గోధుమ రంగులో, కాగితం మడత కూడా చెదరకుండా ఉండేవి. మూడోది మాత్రం బొగ్గయి ఉండేది. దాని మీది కాగితాన్ని గోటితో గీస్తే పొడిపొడిగా రాలేది. రిజిస్టరులో కారణం అన్న గడిలో మేము 'ఓవర్‌లోడ్' అని రాసి సంతకం పెట్టేవాళ్లం. లోడు ఎక్కువై కాలిపోతే మూడు చుట్టలూ కాలాలి కదా, ఒక్కటే ఎందుకు కాలింది అని నన్ను నేను అడుగుకోవడానికి నాకు కొన్నేళ్లు పట్టింది. దూర పర్యవేక్షణ అవసరం ఏమిటో నాకు అర్థమైంది ఆ ప్రశ్న దగ్గరే.

తరువాత నేను సెక్షన్‌లో, అంటే కొన్ని ఊళ్ల సరఫరా చూసే కార్యాలయంలో ఉండగా, ఒక ఊళ్లో 100 కేవీఏ (మోయగల లోడును చెప్పే కొలత) ట్రాన్స్‌ఫార్మర్ ఒకే వేసవిలో రెండుసార్లు కాలిపోయింది. మా లెక్కల ప్రకారం దాని మీద లోడు 82 శాతమే. రెండోసారి కొత్తది బిగించిన మరునాటి రాత్రి 9 గంటలకు, ఇళ్లల్లో కూలర్లు, ఏసీలు నడుస్తున్న వేళ, మా లైన్‌మన్‌తో కలిసి క్లాంప్ మీటరు (తీగ చుట్టూ పట్టి ప్రవాహం కొలిచే పరికరం) పట్టుకొని వెళ్లాను. 433 వోల్టుల దగ్గర 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కో ఫేజులో, అంటే ఆర్, వై, బీ అని పిలిచే మూడు సరఫరా తీగల్లో ఒక్కోదానిలో, మోయగలిగింది 133 ఆంపియర్లు. ఆర్ ఫేజులో 90, వై ఫేజులో 70, బీ ఫేజులో 170 ఆంపియర్లు చూపించింది. ఈ మూడింటినీ కూడి మూడుతో భాగిస్తే 110 వస్తుంది, అంటే కాగితం మీద సరిగ్గా ఆ 82 శాతమే. కానీ బీ ఫేజు చుట్ట తన శక్తికి మించి 28 శాతం ఎక్కువ మోస్తోంది. రాగి తీగలో పుట్టే వేడి ప్రవాహం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, ఆ ఒక్క చుట్టలో పుట్టవలసిన దానికి 1.63 రెట్ల వేడి పుడుతోంది. తిరుగు ప్రవాహం మోసే న్యూట్రల్ తీగలో, ఫేజులు సమానంగా ఉంటే సిద్ధాంతం ప్రకారం ఏమీ ఉండకూడని చోట, దాదాపు 92 ఆంపియర్లు పారుతున్నాయి. సర్వీసులిచ్చేటప్పుడు స్తంభం మీద చేతికి దగ్గరగా ఉన్న తీగకే ఒకదాని వెంట ఒకటి తగిలిస్తూ పోయిన ఫలితం అది. నెలవారీ లెక్కలో ఎక్కడా కనిపించని ఈ తేడా ఆ రాత్రి మీటరు ముల్లు మీద కనిపించింది. మరి అలా ప్రతి రాత్రీ ప్రతి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికీ ఎవరు వెళ్లగలరు? ఒక లైన్‌మన్ పరిధిలో ఎన్ని ట్రాన్స్‌ఫార్మర్లుంటాయో ఇక్కడ కూర్చున్న సోదరులకు నేను చెప్పనవసరం లేదు.

ఇప్పుడు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. పత్రికల్లో మనం నియంత్రిక అని రాసుకునే ఈ యంత్రంలో కదిలే భాగమేదీ లేదు. అది అరిగిపోదు, కాగితం ముసలిదై పోతుంది. చుట్టలకు చుట్టిన క్రాఫ్ట్ కాగితమే దాని ఆయుష్షు. మామూలు కాగితానికి అత్యంత వేడి బిందువు దగ్గర 98 డిగ్రీల సెల్సియస్‌ను ప్రమాణంగా తీసుకొని, ఆపైన ప్రతి 6 డిగ్రీలకూ కాగితం వయసు తరిగే వేగం రెట్టింపవుతుందని అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ ప్రమాణం 60076లోని ఏడో భాగం చెబుతుంది. ఆ లెక్కన 104 డిగ్రీల దగ్గర రెండు రెట్లు, 110 దగ్గర నాలుగు రెట్లు, 116 దగ్గర ఎనిమిది రెట్లు. ఒక చుట్ట రాత్రి 3 గంటలపాటు 116 డిగ్రీల దగ్గర నడిచిందంటే, ఆ 3 గంటల్లోనే అది 24 గంటల ఆయుష్షు ఖర్చు చేసుకుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కరోజులో కాలిపోయిందని మనం అనుకుంటాం గానీ, అది నెలల తరబడి రాత్రిపూట కొంచెం కొంచెంగా కాలుతూ వచ్చి, చివరి రోజున మాత్రమే మనకు తెలుస్తుంది.

ఇందులో మనకు మేలు చేసే సంగతి కూడా ఒకటుంది. చుట్ట కొద్ది నిమిషాల్లోనే వేడెక్కుతుంది గానీ, దాని చుట్టూ ఉన్న నూనె నెమ్మదిగా వేడెక్కుతుంది. సహజంగా చల్లబడే చిన్న ట్రాన్స్‌ఫార్మర్లలో నూనె ఉష్ణోగ్రత తన పూర్తి పెరుగుదలలో దాదాపు మూడింట రెండు వంతులకు చేరడానికి సుమారు 3 గంటలు పడుతుంది. రాత్రి 7 గంటలకు లోడు పెరిగితే, అసలు ప్రమాదం 10 గంటల ప్రాంతంలో గానీ ముదరదు. ఈ మధ్య సమయాన్నే నేను ట్రాన్స్‌ఫార్మర్ మనకిచ్చే గడువు అంటాను. దూర పర్యవేక్షణ పరికరాల గురించి ఎన్ని గొప్పలు చెప్పినా, వాటిని నేను తూచేది ఒక్క రాయితోనే: ఈ గడువులోపల ఆ కబురు పని చేయగల మనిషికి చేరిందా, లేదా?

పొలాల్లోని ట్రాన్స్‌ఫార్మర్ల కథ కొంచెం వేరు. హెచ్‌వీడీఎస్ (అధిక వోల్టేజీ పంపిణీ) పద్ధతిలో 11 కేవీ లైనును బోర్ల దగ్గరిదాకా తీసుకుపోయి, నాలుగైదు మోటార్లకొక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాం. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కో ఫేజులో మోయగలిగింది 33 ఆంపియర్లు. 5 హెచ్‌పీ మోటారు సామర్థ్యం 80 శాతం, పవర్ ఫ్యాక్టర్ (లాగినదానిలో అసలు పనికి ఉపయోగపడే పాలు) 0.8 అనుకుంటే, అది లైను నుంచి లాగేది సుమారు 5.8 కేవీఏ. నాలుగు మోటార్లు నడిస్తే 23 చిల్లర, ఇబ్బంది లేదు. ఐదోది తగిలిస్తే 29 అవుతుంది, ట్రాన్స్‌ఫార్మర్‌కు భారమవుతుంది. అదే ప్రతి మోటారుకూ 2 కేవీఏఆర్ కెపాసిటర్, అంటే పనికి రాని ఆ అదనపు కరెంటును అక్కడికక్కడే సర్దే పరికరం, బిగిస్తే పవర్ ఫ్యాక్టర్ 0.95కి చేరి, మోటారు లాగేది 4.9 కేవీఏకు దిగుతుంది. అప్పుడు ఐదు మోటార్లు కలిసినా 24.5 దాటవు. అదే ట్రాన్స్‌ఫార్మర్, అవే మోటార్లు, అన్ని నీళ్లే. కెపాసిటర్ పెట్టుకోమని రైతుకు ఏటా సదస్సుల్లో చెబుతూనే ఉన్నాం. కానీ ఊరికే చెప్పడం వేరు, 'అన్నా, మీ ట్రాన్స్‌ఫార్మర్ మొన్న మధ్యాహ్నం ఇంత మోసింది, కెపాసిటర్లు లేనందువల్ల ఇంత అదనం' అని ఫోనులో అంకె చూపించి చెప్పడం వేరు. అంకె చూపించినప్పుడు రైతులు విన్నారు. నేను స్వయంగా చూశాను.

కరెంటు రాగానే మోటారును దానంతటదే నడిపించే ఆటోస్టార్టర్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కరెంటు ఏ రాత్రి వస్తుందో తెలియని రోజుల్లో రైతు నిద్ర మానుకోలేక ఆటోస్టార్టర్ పెట్టుకున్నాడు, అందులో అతని తప్పేమీ లేదు. కానీ సరఫరా రాగానే ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటార్లన్నీ ఒకే క్షణంలో లేస్తాయి, లేచేటప్పుడు ఒక్కొక్కటీ మామూలుకు ఐదారు రెట్ల కరెంటు లాగుతుంది, ఫ్యూజు కొట్టేస్తుంది. రెండుసార్లు, మూడుసార్లు కొట్టేశాక ఎవరో ఒకరు ఫ్యూజు తీగ బదులు అల్యూమినియం పోగు మెలిపెట్టి బిగిస్తారు. ఆ రోజు నుంచి అక్కడ ట్రాన్స్‌ఫార్మరే ఫ్యూజు. ఇప్పుడు పగటిపూట సరఫరా, తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటల సరఫరా వచ్చాక ఆ అవసరం తగ్గింది గానీ, పెట్టినవి చాలాచోట్ల అలాగే ఉన్నాయి.

ఇక పరికరం ఏం కొలవాలి అన్న విషయానికి వద్దాం. అమ్మకానికొచ్చే కొన్ని పరికరాల పట్టికలో ఇరవై ముప్పై కొలతలుంటాయి. నా అనుభవంలో చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌కు మూడు ఫేజుల వోల్టేజీ, మూడు ఫేజుల ప్రవాహం, న్యూట్రల్ ప్రవాహం, పై నూనె ఉష్ణోగ్రత, నూనె మట్టం చాలు. కొలతలు తక్కువైనా వాటిని కలిపి చదవడం తెలియాలి. విద్యార్థులు ఈ భాగాన్ని కొంచెం శ్రద్ధగా వినండి, మీ పాఠ్యపుస్తకంలోని డెల్టా-స్టార్ కనెక్షన్ ఇక్కడ ప్రాణం పోసుకుంటుంది.

ఒక ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వోల్టేజీలు 250, 125, 125 అని వచ్చాయనుకోండి. అది కొలతలో పొరపాటు కాదు. 11 కేవీ వైపు మూడు హెచ్‌జీ (హార్న్ గ్యాప్) ఫ్యూజుల్లో ఒకటి పోయింది. త్రికోణంగా కలిపిన డెల్టా చుట్టల్లో ఒకదానికి పూర్తి వోల్టేజీ అందుతోంది, మిగిలిన రెండూ వరుసలో పడి చెరిసగం పంచుకుంటున్నాయి. ఆ సమయంలో నడుస్తున్న మోటారు మూలుగుతూ కొన్ని నిమిషాల్లో కాలిపోతుంది. దాని చుట్ట కట్టించడానికి రైతు పెట్టే డబ్బు, ఈలోగా ఎండే పైరు మన ఏ రికార్డులోనూ ఉండవు. మూడు వోల్టేజీలూ బాగానే ఉండి, ఒక ఫేజులో ప్రవాహం మాత్రం సున్నా అయితే, పోయింది తక్కువ వోల్టేజీ వైపు ఫ్యూజు. లైన్‌మన్ ఏ సామగ్రి పట్టుకొని బయలుదేరాలో ఈ రెండు సందర్భాల్లో వేరువేరు. అది అతనికి ఇంటి దగ్గరే తెలిస్తే ఒక ప్రయాణం తప్పుతుంది.

న్యూట్రల్ సంగతి మరీ ముఖ్యం. అంతవరకు 40 ఆంపియర్లున్న న్యూట్రల్ ప్రవాహం ఒక్కసారిగా సున్నాకు దిగిందంటే, ఫేజులన్నీ ఉన్నట్టుండి సమానమయ్యాయని సంతోషించకూడదు. ట్రాన్స్‌ఫార్మర్ అవతల ఎక్కడో న్యూట్రల్ తీగ తెగింది. ఆ క్షణం నుంచి తక్కువ లోడున్న ఫేజు మీది ఇళ్లకు వోల్టేజీ 300 దాటి పోతుంది, టీవీలు, ఫ్రిజ్‌లు కాలిపోతాయి, ఒక్కోసారి మనుషుల ప్రాణాల మీదికి వస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి వోల్టేజీ మాత్రం నిశ్చలంగా 250 చూపిస్తూనే ఉంటుంది. అందుకే వోల్టేజీ ఒక్కటే చూసే పరికరానికి ఈ ప్రమాదం కనబడదు, న్యూట్రల్ మీద నాలుగో సీటీ (ప్రవాహం కొలిచే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) పెట్టినదానికే కనబడుతుంది. ఖర్చు తగ్గిద్దామని ఆ నాలుగో సీటీని తీసేయడం నేను చాలా టెండర్లలో చూశాను. దయచేసి తీసేయకండి.

మూడు వోల్టేజీలూ పోయినప్పుడు పక్క ట్రాన్స్‌ఫార్మర్లను కూడా చూడాలి. ఫీడరు, అంటే సబ్‌స్టేషన్ నుంచి వచ్చే 11 కేవీ లైను, మొత్తం పోతే అది సబ్‌స్టేషన్ పని. ఫీడరు ఉండి, అర్ధరాత్రి పొలంలో ఒక్కటే మూగబోయి, దాంతోపాటు నూనె మట్టం పడిపోతున్నట్టు కబురొస్తే, రాగి కోసం ట్రాన్స్‌ఫార్మర్‌ను పగలగొడుతున్నారని అర్థం. కరెంటు పోయాక కూడా చివరి కబురు పంపేంత శక్తిని పరికరం తనలో దాచుకొని ఉండాలి.

మన దగ్గర ఈ పని అసలు మొదలు కాలేదా అంటే, అయింది. 2008లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ ఆర్-ఏపీడీఆర్‌పీ (విద్యుత్ పంపిణీ సంస్కరణల) పథకంలో 30,000 జనాభా దాటిన పట్టణాల్లో ఫీడర్లకు, ట్రాన్స్‌ఫార్మర్లకు మీటర్లు, మోడెములు పెట్టాం. 2021 జూన్‌లో ఆమోదం పొందిన కేంద్ర ప్రభుత్వ ఆర్‌డీఎస్‌ఎస్ (పంపిణీ రంగాన్ని మెరుగుపరిచే) పథకం మొత్తం అంచనా 3,03,758 కోట్ల రూపాయలు. అందులో ట్రాన్స్‌ఫార్మర్లకు సమాచారం పంపగల మీటర్లు పెట్టడం ఒక ప్రధాన భాగం. వీటి తొలి ఉద్దేశం లెక్క. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఎన్ని యూనిట్లు బయలుదేరాయి, దాని కింది ఇళ్ల మీటర్లన్నీ కలిపితే ఎన్ని వచ్చాయి, మధ్యలో ఎన్ని పోయాయి అన్నది తేల్చడానికి. మన తెలుగు రాష్ట్రాల్లో ఉచిత వ్యవసాయ సర్వీసుల వాడకాన్ని కూడా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ రూపొందించిన పద్ధతిలో, కొన్ని నమూనా ట్రాన్స్‌ఫార్మర్ల మీటర్ల నుంచే అంచనా వేస్తూ వచ్చాం. లెక్క అవసరమే, నేను కాదనను. కానీ లెక్క కోసం పెట్టిన ఆ మీటరే 15 నిమిషాలకో, 30 నిమిషాలకో మూడు ఫేజుల ప్రవాహాన్నీ రాసుకుంటోంది. ప్రవాహం తెలిసి, ఆనాటి ఎండ తెలిస్తే, లోపలి చుట్ట ఎంత వేడెక్కిందో లెక్కగట్టే సూత్రాలు నేను ఇందాక చెప్పిన ప్రమాణంలోనే ఉన్నాయి. కాబట్టి ప్రతి 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌కూ ఖరీదైన కొత్త పరికరం బిగించనక్కరలేదు. ఉన్న మీటరు మాటను రోజూ చదివితే చాలు. ఆసుపత్రులకు, మంచినీటి పథకాలకు, కిక్కిరిసిన బస్తీలకు సరఫరా ఇచ్చే పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లకు మాత్రం ఉష్ణోగ్రత, నూనె మట్టం చెప్పే సెన్సార్లు విడిగా పెట్టండి. అందరూ దీనికి ఒప్పుకోరని నాకు తెలుసు, నా అభిప్రాయం మాత్రం ఇది.

బిగించాక వచ్చే కష్టాలు వేరు. ఇనుప పెట్టె లోపల యాంటెన్నా పెడితే సిగ్నల్ బయటికి రాదు. మే నెలలో ఆ పెట్టెలో చెయ్యి పెట్టలేం, బ్యాటరీలు మొదట పోయేది అక్కడే. కేబుల్ దూర్చిన రంధ్రానికి గ్లాండు బిగించకపోతే బల్లులు, చీమలు, వర్షపు నీరు వరుసగా చేరతాయి. పిడుగుల కాలంలో ఎర్తింగ్ సరిగా లేని చోట పరికరం ట్రాన్స్‌ఫార్మర్ కంటే ముందే పోతుంది. వీటన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇంకొకటుంది. కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను దించి మరొకటి ఎక్కించినప్పుడు, దించినదాని నంబరు కంప్యూటరులో అలాగే ఉండిపోతుంది. 63 కేవీఏ స్థానంలో 100 కేవీఏ వచ్చి ఏడాదైనా, హెచ్చరిక మాత్రం 84 ఆంపియర్ల దగ్గరే మోగుతూ ఉంటుంది. ఏ ఇల్లు ఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద, ఏ ఫేజు మీద ఉందో రాసుకున్న పట్టిక తప్పయితే, ఆపైన ఎంత గొప్ప సాఫ్ట్‌వేర్ కూర్చోబెట్టినా తప్పే చెబుతుంది.

నేను పనిచేసిన ఒక చోట ఇలాంటి వ్యవస్థ పెట్టాక ఏం జరిగిందో చెబుతాను. వ్యవసాయ ఫీడరుకు సరఫరా వేళ ముగిసి ఆపేయగానే, ఆ ఫీడరు మీది పరికరాలన్నీ ఒక్కసారిగా 'కరెంటు పోయింది' అని కబురు పంపేవి. రోజుకు వందల కబుర్లు. నెల తిరిగేసరికి ఆ తెర ముందు కూర్చున్న ఉద్యోగి వాటిని చూడటం మానేశాడు. వాటి మధ్యలో, ఒక ఊరి ట్రాన్స్‌ఫార్మర్ నూనె వేడెక్కుతోందని మూడు రాత్రులు వరుసగా కబురొచ్చింది. నాలుగో రోజు అది కాలిపోయింది. పనితీరు ప్రమాణాల ప్రకారం కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను పట్టణాల్లో 24 గంటల్లో, పల్లెల్లో 48 గంటల్లో మార్చాలి. అక్కడ మాత్రం రైతులే తలా కొంత వేసుకొని, ట్రాక్టరు మాట్లాడుకొని, ట్రాన్స్‌ఫార్మర్‌ను షెడ్డుకు తీసుకొచ్చారు. వచ్చినవాళ్లలో ఒక పెద్దాయన నన్ను చూసి, 'సారూ, ఇది ముందే ఫోను చేస్తదంట గదా, మాకు చేయలేదే' అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

అందుకే కబురు ఎవరికి వెళ్లాలన్నది పరికరం కొనకముందే తేల్చుకోండి. సరఫరా వేళల పట్టికను వ్యవస్థకు ముందే నేర్పితే ఆ వందల కబుర్లు రావు. మిగిలిన నాలుగైదు ముఖ్యమైన కబుర్లు ప్రధాన కార్యాలయం తెర మీద ఆగిపోకుండా, ఆ ట్రాన్స్‌ఫార్మర్ చూసే లైన్‌మన్ ఫోనుకు, అతని ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) ఫోనుకు, ఊరి పేరుతో, స్తంభం గుర్తుతో, తెలుగులో చేరాలి. 'మీ ఫలానా వీధి ట్రాన్స్‌ఫార్మర్‌లో బీ ఫేజు మీద లోడు ఎక్కువైంది, నూనె వేడెక్కుతోంది' అన్నంత సూటిగా ఉండాలి. వినియోగదారుడు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోను చేసేలోపే అతను బయలుదేరి ఉండాలి. బయలుదేరడానికి మనిషి, బండి, ఫ్యూజు తీగ ఆ సెక్షన్‌లో ఉండాలి.

లైన్‌మన్ సోదరులకు ఒక విన్నపం. ఫోనులో వోల్టేజీ సున్నా అని కనిపించినంత మాత్రాన లైను చచ్చిందని నమ్మకండి. ఆ అంకె పావుగంట కిందటిది కావచ్చు, వోల్టేజీ కొలిచే వైర్లు వదులై ఉండవచ్చు, ఏ ఇంటి జనరేటరో, సరిగా బిగించని ఇన్వర్టరో వెనక నుంచి కరెంటు పంపుతూ ఉండవచ్చు. ఎల్‌సీ (లైను ఆపి పనిచేయడానికి సబ్‌స్టేషన్ ఇచ్చే అనుమతి) తీసుకోవడం, లైనును విడదీసే ఏబీ స్విచ్ మూడు బ్లేడ్లూ తెరుచుకున్నాయో లేదో కంటితో చూడటం, టెస్టరు పెట్టడం, ఎర్త్ రాడ్లు తగిలించడం, ఈ వరుసలో ఒక్కటి కూడా ఫోను చూసి మానవద్దు. ఇంటి దగ్గర మీ కోసం ఎదురుచూసేవాళ్లున్నారు.

విద్యార్థులు తమ ప్రాజెక్టుకు ఏం చేయమంటారని ఇందాక అడిగారు. మీ ఊరి ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి ఎంచుకోండి. సెక్షన్ ఏఈ గారి అనుమతితో, వారి సిబ్బంది చేతనే 15 రోజులపాటు రాత్రి 7 నుంచి 11 దాకా నాలుగు ప్రవాహాలూ కొలిపించి రాసుకోండి. వీధులు తిరిగి ఏ సర్వీసు ఏ ఫేజు మీద ఉందో పటం గీయండి. మొదట చెప్పిన ఊళ్లో మేము చేసింది అంతకుమించి ఏమీ లేదు. బీ ఫేజు మీదున్న సర్వీసుల్లో కొన్నింటిని ఆర్, వై ఫేజులకు మార్చాం. ఎల్‌సీ తీసుకొని ఇద్దరు లైన్‌మన్‌లు ఒక మధ్యాహ్నంలో ఆ పని ముగించారు. ఆ రాత్రి మళ్లీ 9 గంటలకు క్లాంప్ మీటరు పట్టుకొని వెళితే ఫేజులు 115, 105, 110 చూపించాయి, న్యూట్రల్‌లో 9 ఆంపియర్లున్నాయి. నేను ఆ సెక్షన్ నుంచి బదిలీ అయ్యేదాకా ఆ ట్రాన్స్‌ఫార్మర్ షెడ్డుకు రాలేదు.